ప్రమాదం – అప్రమత్తత: పనిచేయని పరికరాలతో విమాన అవతరణ, తెలుగు వ్యక్తీకరణ

వ్యాస సంగ్రహం:
విమానం నేలకు దిగే వేళ జరిగే ప్రమాదాలను గురించి తెలుగులో రాసేటప్పుడు ‘సాంకేతిక లోపం’, ‘పైలట్ తప్పిదం’ అనే రెండు మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. పరికరం పనిచేయకపోవడానికీ, ప్రమాదం జరగడానికీ మధ్య మనుషులు తీసుకొనే నిర్ణయాల వరుస ఒకటి ఉంటుంది. ఆ వరుస ఈ రెండు మాటల్లోనూ కనిపించదు. 1993లో తిరుపతి సమీపంలో జరిగిన విమాన ప్రమాదాన్ని, అదే ఏడాది అమెరికాలోని హిబ్బింగ్ వద్ద కూలిన చిన్న ప్రయాణిక విమానాన్ని, 2012 నాటి పెనుకొండ రైలు ప్రమాదాన్ని పక్కపక్కన ఉంచి ఆ వరుసను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. దానిని చెప్పడానికి కావలసిన మాటలు తెలుగులో ఇప్పటికే ఉన్నాయని కూడా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ప్రమాదం, అప్రమత్తత, అవతరణ, కనీస పరికరాల జాబితా, అకర్మక క్రియ, తిరుపతి, పెనుకొండ.

1. ఉపోద్ఘాతం:
ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పట్టణాలను ఒకే రైలుమార్గం కలుపుతుంది. గుంతకల్లు వైపునుండి బెంగళూరు వెళ్లే బండ్లు ఈ మూడు ఊళ్ల మీదుగానే సాగుతాయి. ఈ ప్రాంతంలోనే పుట్టపర్తిలో 1990లో ప్రారంభమైన చిన్న విమానాశ్రయం ఉంది. 2008లో దేవనహళ్లి వద్ద బెంగళూరు కొత్త విమానాశ్రయం మొదలైన తరువాత ఇక్కడివారికి విమాన ప్రయాణం మరింత చేరువైంది. చదువుకో, కొలువుకో విదేశాలకు వెళ్లే పిల్లలను సాగనంపడానికి ఈ ఊళ్లనుండి కుటుంబాలు కుటుంబాలుగా దేవనహళ్లికి వెళ్లిరావడం నేడు మామూలు విషయం.

రైలుకూ విమానానికీ ఇంత దగ్గరైన సమాజానికి, ఆ వాహనాల భద్రతను గురించి తన భాషలో ఎంత సమాచారం అందుతోంది? విమాన ప్రమాదాలపై దర్యాప్తు నివేదికలు ఆంగ్లంలో వెలువడతాయి. వాటిలోని విషయం తెలుగు పాఠకునికి చేరేది ఎక్కువగా వార్తాపత్రికల ద్వారానే. పత్రిక వాడే మాట ఏ కారణాన్ని చూపితే, పాఠకునికి అదే కారణమవుతుంది. కాబట్టి ఇక్కడ మాటల ఎంపిక శైలికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఆప్తులను పోగొట్టుకొన్న కుటుంబం జరిగినదాన్ని అర్థం చేసుకొనే తీరూ, తరువాతి ప్రయాణికుడు అడగవలసిన ప్రశ్నా ఆ మాటలపైనే ఆధారపడతాయి.

2. ‘ప్రమాదం’ – అర్థ పరిణామం:
నేటి తెలుగులో ‘ప్రమాదం’ అంటే అనుకోకుండా జరిగిన కీడు, లేదా జరగబోయే కీడు. సంస్కృతంలో ఈ శబ్దానికి మొదటి అర్థం అజాగ్రత్త, ఏమరుపాటు. ఏమరిపాటున ఉన్నవాడు ప్రమత్తుడు. అంటే ఆ శబ్దం తొలుత మనిషి స్థితిని చెప్పింది. కాలక్రమంలో ఏమరుపాటు అనే కారణం వెనక్కి జరిగి, దాని ఫలితమైన కీడు ముందుకు వచ్చింది. అర్థ పరిణామంలో కారణవాచకం ఫలితవాచకంగా మారడానికి ఇది మంచి ఉదాహరణ.

ఆసక్తికరమైన విషయమేమంటే, ఈ శబ్దానికి వ్యతిరేకార్థాన్నిచ్చే రూపంలో పాత అర్థం చెక్కుచెదరలేదు. ‘అప్రమత్తంగా ఉండండి’ అని వాతావరణశాఖ హెచ్చరికలోనూ, పోలీసుల ప్రకటనలోనూ నేటికీ వింటాం. అక్కడ ‘అప్రమత్తత’ అంటే ఏమరకుండా ఉండడమే. ఒకే ధాతువునుండి పుట్టిన రెండు మాటల్లో ఒకటి సంఘటనకు పేరైంది, మరొకటి మనిషి గుణంగానే మిగిలింది. ఫలితంగా, ప్రమాదానికి ఎదురుగా నిలవవలసినది అప్రమత్తత అనే సంబంధం మన చెవికి వినబడడం మానేసింది. పనిచేయని పరికరాలకు సంబంధించిన ప్రమాదాలను పరిశీలిస్తే ఈ మరుగుపడిన సంబంధం ఎంత అవసరమో తెలుస్తుంది.

3. పనిచేయని పరికరంతో ప్రయాణం – అనుమతి, షరతులు:
ఏదో ఒక పరికరం పనిచేయకుండానే విమానం బయలుదేరవచ్చునన్న సంగతి సాధారణ పాఠకునికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇది దొంగచాటుగా జరిగే పని కాదు, నియమబద్ధమైనది. ఒక్కొక్క రకం విమానానికి ఏయే పరికరాలు పనిచేయకపోయినా ఏయే షరతులతో ప్రయాణించవచ్చునో తెలిపే మూల జాబితా ఒకటి ఉంటుంది. దాని ఆధారంగా ప్రతి విమానసంస్థా తన ‘కనీస పరికరాల జాబితా’ను తయారుచేసుకొంటుంది. మన దేశంలో దీనికి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఆమోదం కావాలి. సంస్థ జాబితా మూల జాబితాకన్నా కఠినంగా ఉండవచ్చు కాని, సడలింపుగా ఉండరాదు.

ఈ జాబితాలో ప్రతి పరికరానికీ మరమ్మతు గడువు ఉంటుంది. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న వర్గీకరణ ప్రకారం ‘బి’ వర్గానికి 3 రోజులు, ‘సి’ వర్గానికి 10 రోజులు, ‘డి’ వర్గానికి 120 రోజులు. ‘ఎ’ వర్గానికి ఆయా అంశం వద్దనే ప్రత్యేక గడువు రాసి ఉంటుంది. గడువుతోపాటు రెండు రకాల విధులు కూడా ఉంటాయి. మొదటిది నిర్వహణ సిబ్బంది చేయవలసినది. పాడైన పరికరాన్ని విద్యుత్తునుండి వేరుచేయడం, కదలకుండా బిగించడం, దానిపై చీటీ అంటించడం వంటివి దీని కిందికి వస్తాయి. రెండవది పైలట్లు పాటించవలసినది. ఆ పరికరం లేనందువల్ల వేగం, బరువు, ఇంధనం, రన్‌వే పొడవు లెక్కలు ఎలా మారతాయో, ఏ చర్య భిన్నంగా చేయాలో అది చెబుతుంది.

కాబట్టి జాబితా ఇచ్చే అనుమతి ‘పరికరం లేకపోయినా ఫరవాలేదు’ అన్న భరోసా కాదు. ‘పరికరం చేసే పనిని ఇకమీద మనిషి తన ఎరుకతో చేయాలి’ అన్న ఒప్పందం అది. యంత్రంనుండి తొలగిన బాధ్యత మాయమైపోదు, మనిషి భుజాలమీదికి మారుతుంది.

ఈ మార్పు ఎంత సున్నితమైనదో 2007 జూలై 17న బ్రెజిల్‌లోని సావ్ పావ్లో నగరంలో జరిగిన దుర్ఘటన చూపింది. టామ్ సంస్థకు చెందిన ఎయిర్‌బస్ ఎ320 విమానం కుడి ఇంజన్‌లో, దిగిన తరువాత వేగం తగ్గించడానికి తోడ్పడే ‘రివర్సర్’ను నియమానుసారం పనినుంచి తప్పించి ఉంచారు. తడిసిన రన్‌వేపై విమానం దిగింది. ఆ సమయంలో కుడి ఇంజన్ మీట వెనక్కి రాకుండా పైకి ఎక్కే స్థానంలోనే ఉన్నట్లు విమానంలోని రికార్డరు నమోదు చేసింది. విమానం ఆగలేదు. రన్‌వే దాటి, రహదారిని దాటి, భవనాన్ని ఢీకొంది. విమానంలోని 187 మంది, నేలపై ఉన్న 12 మంది మరణించారు. రివర్సర్ లేకుండా దిగడానికి అనుమతి ఉంది. అయితే రివర్సర్ ఉన్న ఇంజన్, లేని ఇంజన్ పక్కపక్కన ఉన్నప్పుడు మీటల కదలిక విషయంలో తలెత్తే చిక్కును కూడా ఆ అనుమతితోపాటే లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

4. తిరుపతి, 1993 – మార్గమధ్యంలో మొండికేసిన ఫ్లాపులు:
బయలుదేరకముందే పనిచేయదని తెలిసిన పరికరం సంగతి అది. గాలిలో ఉండగా పరికరం పనిచేయకుండాపోతే పరిస్థితి వేరు. తెలుగు నేలపై దీనికి ప్రముఖమైన ఉదాహరణ తిరుపతి సమీపంలో జరిగినది.

1993 నవంబరు 15న ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన ఎయిర్‌బస్ ఎ300 విమానం మద్రాసునుండి హైదరాబాదుకు బయలుదేరింది. హైదరాబాదులో కంటికి దారి సరిగా ఆనని వాతావరణం ఉండడంతో దిగే ప్రయత్నాన్ని విరమించి, విమానాన్ని మళ్లీ పైకి లేపారు. అప్పుడు రెక్కల ఫ్లాపులు పూర్తిగా వెనక్కి ముడుచుకోలేదు. విమానం మద్రాసుకు తిరుగుముఖం పట్టింది. అక్కడివరకు ఇంధనం చాలదని తేలడంతో తిరుపతి వైపు మళ్లింది. ఆ రన్‌వే కూడా అందక, తిరుపతి సమీపంలోని వరిపొలంలో దిగింది. విమానం మరమ్మతుకు పనికిరాకుండా పోయింది. అందులోని 262 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

ఫ్లాపులు అంటే రెక్క వెనుక అంచున ఉండే కదిలే పలకలు. దిగేటప్పుడు వీటిని కిందికి చాస్తారు. అప్పుడు విమానం తక్కువ వేగంలో కూడా గాలిలో నిలబడగలుగుతుంది. పలకలు చాచి ఉంటే గాలి ఎదురుదెబ్బ కూడా పెరుగుతుంది. దిగే సమయంలో ఇది మేలే చేస్తుంది, దూరప్రయాణానికి మాత్రం భారమవుతుంది. ఫ్లాపులు చాచి ఉన్నప్పుడు పాటించవలసిన వేగపరిమితి వల్ల విమానం నెమ్మదిగా పోవాలి. ఎక్కువ ఎత్తుకు ఎక్కడం కూడా కుదరదు. జెట్ ఇంజన్లు తక్కువ ఎత్తులో ఎక్కువ ఇంధనాన్ని తాగుతాయి. అంటే ప్రతి కిలోమీటరుకూ ఖర్చయ్యే ఇంధనం, మామూలుగా వేసుకొన్న లెక్కను మించిపోతుంది.

విమానం బయలుదేరేముందు గమ్యానికి కావలసిన ఇంధనంతోపాటు, అక్కడ దిగలేకపోతే ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి చేరడానికి కావలసినదీ, దానిపైన జెట్ విమానాలకు మరో 30 నిమిషాలు గాలిలో తిరగడానికి సరిపడేదీ నింపుకోవడం అంతర్జాతీయ ప్రమాణం. అయితే ప్రత్యామ్నాయానికి వేసే లెక్క ఫ్లాపులు ముడుచుకొన్న విమానానికి వర్తించేది. ఫ్లాపులు ముడుచుకోని మరుక్షణంనుండి ఆ లెక్క చెల్లదు. ఇంధనం తొట్టెలో అంతే ఉన్నా, అది మోసుకుపోగల దూరం తగ్గిపోయింది. సుమారు 500 కి.మీ. దూరంలోని మద్రాసు అంతకుముందు ఉన్నంత దగ్గరలో లేదు.

ఈ ఘటనను ‘ఫ్లాపులు పాడవడంతో పొలంలో దిగిన విమానం’ అని చెబితే మాటలన్నీ నిజమే, అర్థం మాత్రం అసంపూర్ణం. ఫ్లాపులు ముడుచుకోకపోవడం ఒక్కటే విమానాన్ని పొలంలోకి దించలేదు. ఆ స్థితిలో ఎంత దూరం పోగలం అన్న కొత్త లెక్కకూ, ఎక్కడికి పోవాలి అన్న నిర్ణయానికీ మధ్య ఏర్పడిన ఎడమే దాన్ని అక్కడికి చేర్చింది.

5. హిబ్బింగ్, 1993 – చిన్న విమానంలో అమర్చని పరికరం:
తిరుపతి ఘటన జరిగిన 16 రోజులకు, 1993 డిసెంబరు 1 రాత్రి, అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో హిబ్బింగ్ విమానాశ్రయానికి వస్తున్న చిన్న ప్రయాణిక విమానం రన్‌వేకు ముందే నేలను ఢీకొంది. అది 19 సీట్ల తరగతికి చెందిన జెట్‌స్ట్రీమ్ 31. ఇద్దరు పైలట్లు, 16 మంది ప్రయాణికులు – మొత్తం 18 మంది మరణించారు.

చిన్న పట్టణాలను పెద్ద విమానాశ్రయాలతో కలిపే ఇటువంటి విమానాలకు పెద్ద విమానాలకున్న పరికరాలన్నీ ఉండవు. ఆ రాత్రి పైలట్లు ఎంచుకొన్న దారిలో, విమానం రన్‌వేకు సూటిగా ఉన్నదీ లేనిదీ తెలిపే సంకేతం ఉంది. ఏ దూరంలో ఎంత ఎత్తున ఉండాలో తెలిపే సంకేతం లేదు. ఎత్తును పైలట్లే మెట్టుమెట్టుగా చూసుకోవాలి. మంచు పేరుకొనే మేఘాల్లో ఎక్కువసేపు ఉండకూడదని కెప్టెన్ ఆలస్యంగా దిగడం మొదలుపెట్టి, చాలా వేగంగా దించారు. ఎత్తును గమనించి పలకవలసిన హెచ్చరికలు కాక్‌పిట్‌లో వినబడలేదు. పైలట్ల మధ్య సమన్వయం దెబ్బతినడాన్ని దర్యాప్తు సంస్థ ప్రధానంగా ఎత్తిచూపింది.

నేల దగ్గరపడుతున్నదని హెచ్చరించే పరికరం ఆ విమానంలో లేదు. చిన్న విమానాల్లోనూ దాన్ని అమర్చాలన్న నిబంధన అమెరికాలో అప్పటికే వచ్చింది. అయితే అందుకు 1994 ఏప్రిల్ వరకు గడువు ఉంది. నిబంధన ప్రకారం ఆ విమానం తప్పు చేయలేదు. గడువుకు ఇంకా కొన్ని నెలలు మిగిలి ఉండగానే 18 ప్రాణాలు పోయాయి.

6. పెనుకొండ, 2012 – నేలమీద ఇదే పాఠం:
పరికరం లేనిచోట మనిషి ఏమరుపాటుకు అడ్డు ఉండదన్న సత్యాన్ని పెనుకొండ మరోవిధంగా చవిచూసింది. 2012 మే 22 తెల్లవారుజామున, హుబ్లీనుండి బెంగళూరు వెళ్తున్న హంపి ఎక్స్‌ప్రెస్ పెనుకొండ స్టేషన్‌లో ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొంది. 25 మంది మరణించారు. బండి ఎర్ర సంకేతాన్ని దాటి ముందుకు పోయిందని రైల్వే అధికారుల ప్రాథమిక పరిశీలనలో తేలింది.

తెల్లవారుజామున మూడు గంటలు దాటిన వేళ మనిషి దేహం నిద్రకు లొంగే సమయం. ఆ సమయంలో కన్ను సంకేతాన్ని పట్టుకోకపోతే, తనంతట తానే బ్రేకు వేసి బండిని ఆపే వ్యవస్థ ఆ మార్గంలో లేదు. ఇటువంటి పని చేయడానికి రూపొందించిన స్వదేశీ వ్యవస్థ నేడు ‘కవచ్’ పేరుతో తెలిసినదే. దాని క్షేత్రస్థాయి ప్రయోగాలు దక్షిణ మధ్య రైల్వే పరిధిలో జరిగాయి. 2020లో దాన్ని జాతీయ రక్షణ వ్యవస్థగా స్వీకరించారు.

రైలుకూ విమానానికీ భేదాలు ఎన్నో ఉన్నాయి. రైలు ఆగితే నిలుస్తుంది, విమానం గాలిలో ఆగలేదు. అయినా హిబ్బింగ్, పెనుకొండ ఘటనల స్వరూపం ఒకటే. రెండుచోట్లా మనిషిని చివరి కాపలాగా నిలిపారు. ఆ కాపలా తూలితే పట్టుకొనే మరో చేయి లేదు.

7. తెలుగు క్రియలు – కర్త మరుగు:
ఈ ఘటనలను తెలుగులో చెప్పే తీరును ఇప్పుడు పరిశీలించవచ్చు. తెలుగులో చాలా క్రియలకు అకర్మక, సకర్మక రూపాలు జంటగా ఉంటాయి: ఆగు – ఆపు, దిగు – దించు, తెగు – తెంచు, తప్పు – తప్పించు. ప్రమాద వార్తల్లో ఈ జంటల్లోని మొదటి రూపమే ఎక్కువగా కనిపిస్తుంది. ‘రైలు పట్టాలు తప్పింది’, ‘విమానం అదుపు తప్పింది’, ‘ఇంజన్ ఆగిపోయింది’. ఈ వాక్యాల్లో యంత్రమే కర్త. చేసినవారు, చేయనివారు ఇద్దరూ వాక్యంలో ఉండరు. దర్యాప్తు పూర్తికాకముందు ఎవరినీ నిందించకుండా ఉండడానికి ఈ రూపం న్యాయమైనదే. దర్యాప్తు పూర్తయిన తరువాత కూడా అదే రూపాన్ని కొనసాగిస్తేనే చిక్కు.

‘మొరాయించు’ అనే మాట మరింత గమనింపదగినది. కదలనని మొండికేసే పశువుకు చెప్పే ఈ మాటను నేడు యంత్రాలకు విరివిగా వాడుతున్నారు. ‘మొరాయించిన ఇంజన్’ అన్నప్పుడు యంత్రానికి మనసు, పట్టుదల ఉన్నట్లు ధ్వనిస్తుంది. నిర్వహణ ఎప్పుడు జరిగింది, లోపాన్ని ఎవరు నమోదు చేశారు, గడువు ఎప్పటివరకు ఉంది అన్న ప్రశ్నలు ఆ చమత్కారం వెనుక మరుగుపడతాయి.

‘తృటిలో తప్పిన పెనుప్రమాదం’ అనే పడికట్టు మాట కూడా ఇటువంటిదే. తిరుపతి ఘటనలో ఒక్క ప్రాణమూ పోలేదు. అయినా విమానం ధ్వంసమైంది కాబట్టి అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం అది ప్రమాదమే. ‘తప్పింది’ అన్న మాట ఊరటనిచ్చి, విచారణను అక్కడితో ముగిస్తుంది.

దీనికి ఎదురుగా ఉన్న ‘పైలట్ తప్పిదం’ అనే మాటలో కర్త ఉంటాడు కాని, ఒంటరిగా ఉంటాడు. పరికరాన్ని అమర్చడానికి గడువు ఇచ్చినవారు, పనివేళలు నిర్ణయించినవారు, లోపాన్ని వాయిదా వేసినవారు ఆ మాటలో ఉండరు. విమాన ప్రమాదాల దర్యాప్తు లక్ష్యం ఎవరిమీదనో నింద మోపడం కాదు, మళ్లీ జరగకుండా చూడడం అని అంతర్జాతీయ ఒడంబడిక అనుబంధం 13 చెబుతుంది. మన దేశపు నియమాలు కూడా అదే చెబుతాయి.

8. ప్రతిపాదన:
పై ఘటనలను చెప్పడానికి కొత్త పదాలను సృష్టించవలసిన పనిలేదు. వాడుకలో ఉన్న మాటలనే తేడా తెలిసేలా వాడితే చాలు.

(అ) ‘పనినుంచి తప్పించిన పరికరం’ – లోపం తెలిసి, నియమం ప్రకారం పక్కన పెట్టినది. సావ్ పావ్లో విమానంలోని రివర్సర్ ఇటువంటిది. దీని విషయంలో అడగవలసిన ప్రశ్న: దాని పనిని ఎవరికి, ఎలా అప్పగించారు?

(ఆ) ‘పనిచేయకుండాపోయిన పరికరం’ – ప్రయాణం మధ్యలో ఆగిపోయినది. తిరుపతి ఘటనలోని ఫ్లాపులు ఇటువంటివి. అడగవలసిన ప్రశ్న: ఆ క్షణంనుండి పాత లెక్కల్లో ఏవి చెల్లవు?

(ఇ) ‘అమర్చని పరికరం’ – అసలు లేనిది. హిబ్బింగ్, పెనుకొండ ఘటనలు ఇటువంటివి. అడగవలసిన ప్రశ్న: అమర్చకపోవడం ఎవరి నిర్ణయం, ఎప్పటివరకు?

ఈ మూడింటినీ ‘సాంకేతిక లోపం’ అనే ఒకే గొడుగు కిందికి తెస్తే మూడు ప్రశ్నలూ పోతాయి. ధర్మవరం నేతగాడు పోగు తెగడానికీ, పోగు జారడానికీ, అసలు పోగే ఎక్కించకపోవడానికీ ఒకే మాట వాడడు. మూడింటికీ చేయవలసిన పని వేరు కాబట్టి మాట కూడా వేరు కావాలి.

9. ముగింపు:
పనిచేయని పరికరం తనంతట తాను ప్రమాదం కాదు. పరికరం చేసే పనిని మనిషి తన ఎరుకలోకి తీసుకొన్నంతవరకు ప్రయాణం సాగుతుంది. ఆ ఎరుక సడలిన చోట, లేదా ఎరుక ఒక్కదానిపైనే భారమంతా మోపిన చోట కీడు జరుగుతుంది. ఇది మొదటి నిర్ధారణ. ‘ప్రమాదం’ అన్న శబ్దం ఒకప్పుడు ఈ ఏమరుపాటునే చెప్పింది. నేడు ఆ అర్థం ‘అప్రమత్తత’ అనే మాటలో మాత్రమే నిలిచి ఉంది. ఇది రెండవ నిర్ధారణ. అప్రమత్తత అంటే పైలటో, లోకోపైలటో రెప్పవేయకుండా ఉండడం మాత్రమే కాదు. మనిషి రెప్ప వాలుతుందని ముందే తెలిసి, దానికి తగిన పరికరాన్ని సకాలంలో అమర్చడం కూడా అప్రమత్తతే. ఇది మూడవ నిర్ధారణ.

దర్యాప్తు నివేదికల సారాంశాలనైనా తెలుగులో ప్రచురించడం, పాత్రికేయ విద్యలో ప్రమాద వార్తారచనను ప్రత్యేక అంశంగా బోధించడం, పైన చెప్పిన మూడు వర్గాలను పరిభాషగా స్థిరపరచడం ఈ దిశలో చేయదగిన పనులు. హంపి ఎక్స్‌ప్రెస్ నడిచిన దారిలోనే నేటికీ ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రజలు ప్రయాణిస్తున్నారు. పెనుకొండలో ఆ తెల్లవారుజామున ఏం జరిగిందో, ఏది ఉండి ఉంటే జరిగేది కాదో వారి భాషలో స్పష్టంగా చెప్పడం తెలుగు భాషాధ్యయనానికి కూడా చెందిన బాధ్యతే.